కొందరికి సెలవు లేదు.. కొందరికి బడి లేదు

తెలంగాణ విద్యాశాఖ 2025-26కు ప్రకటించిన క్యాలెండర్‌లో 230 పనిదినాలున్నాయి. జూన్ 12న తెరిచిన బడి ఏప్రిల్ 23తో మూతపడుతుంది. ఆ తర్వాత 49 రోజులు, అంటే సరిగ్గా ఏడు వారాలు, ఎండాకాలం సెలవులు. రాష్ట్రంలో ప్రతి బిడ్డకూ వర్తించాల్సిన లెక్క ఇది. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా, మూడు మెట్రో స్టేషన్ల దూరంలోనే, ఈ లెక్క మూడు రకాలుగా మారిపోతోంది.

మే నెలలో ఈ దారి వెంట ఉన్న కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో, నెల కిందటే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు ‘బ్రిడ్జ్ కోర్సు’ పేరుతో ఇంటర్ పాఠాలు వింటూ ఉంటారు. పక్క కాలనీలోని సీబీఎస్ఈ బడి పిల్లలు ఏప్రిల్‌లోనే పై తరగతి పుస్తకాలు తెరిచి, రెండు మూడు పాఠాలు పూర్తిచేసుకుని, సెలవుల హోంవర్క్‌తో ఇంటికి చేరి ఉంటారు. ఆ వెనక బస్తీలో ప్రభుత్వ బడికి వెళ్లే పాప, నాలుగిళ్లలో పనిచేసే తల్లి తిరిగొచ్చేదాకా తమ్ముణ్ని చూసుకుంటూ రేకుల గదిలో ఉంటుంది. ముగ్గురిదీ ఒకే ఊరు, ఒకే ఎండ. వాళ్ల ఏడాది మాత్రం ఒకటి కాదు.

ఏడాది పొడవునా బడి నడపాలా, వేసవి సెలవులు కుదించాలా అన్న చర్చ ప్రపంచంలో చాలాచోట్ల జరుగుతోంది. మన దగ్గర ఆ చర్చ జరగకుండానే ఏడాది పొడవునా చదువు వచ్చేసింది. డబ్బు కట్టగలిగిన వాళ్లకు అది విశ్రాంతి లేని చదువుగా వచ్చింది. కట్టలేని వాళ్లకు కాగితం మీది 230 రోజులు కూడా పూర్తిగా దక్కడం లేదు. కాబట్టి పనిదినాలు ఎన్ని ఉండాలన్న దగ్గరే ఆగిపోతే సమస్య చేతికి అందదు. సెలవు నిజంగా కావాల్సిన పిల్లలకు సెలవు, సెలవుల్లో కూడా బడి నీడ కావాల్సిన పిల్లలకు బడి దొరికేలా ఏడాదిని ఎలా సర్దాలి? విద్యాశాఖ ముందున్న అసలు ప్రశ్న ఇదే.

తేదీలు మార్చిన అనుభవం

బడి క్యాలెండర్ మనుషులు రాసుకున్నదే. ఒకప్పటి వీధి బడులకు, నేటికీ నడుస్తున్న వేద పాఠశాలలకు తిథులే సెలవులు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అక్కడ పాఠం ఉండదు. నిజాం పాలనలో ఇదే హైదరాబాద్‌లో వారాంతపు సెలవు శుక్రవారం. కశ్మీర్‌లో పెద్ద సెలవులు చలికాలంలో వస్తాయి. కేరళలో బడి తెరిచేనాటికి వానలు ముంచెత్తుతుంటాయి గనుక, ఏప్రిల్, మే సెలవులను జూన్, జులైకి మారిస్తే ఎలా ఉంటుందని అక్కడి విద్యామంత్రి శివన్‌కుట్టి 2025లో ప్రజలనే అడిగారు. అవసరాన్ని బట్టి క్యాలెండర్‌ను మార్చుకోవడం కొత్త సంగతీ కాదు, తప్పూ కాదు.

తెలంగాణ కూడా మార్చి చూసింది. 2016లో జూన్ దాకా ఆగకుండా మార్చి 21 నుంచే కొత్త విద్యా సంవత్సరాన్ని మొదలుపెట్టింది. వార్షిక పరీక్షలు అయ్యాక ఏప్రిల్ 23 వరకు వృథాగా పోయే నెల రోజులను పై తరగతి పాఠాలకు వాడుకోవాలన్నది ఉద్దేశం. ఉద్దేశంలో న్యాయముంది. పరీక్షలు ముగిశాక బడికి పిల్లలు రారన్నది ప్రతి ప్రధానోపాధ్యాయుడికీ తెలిసిన సంగతే. కానీ ఆ ఏడాది ఎండలు ముందుగానే మండాయి. ఏప్రిల్ మధ్యలోనే బడులకు సెలవులు ఇచ్చేయాల్సి వచ్చింది. ఆ ప్రయోగం నిలవలేదు. ఏడాది ఆరంభం మళ్లీ జూన్‌కే చేరింది. 2019లో జూన్ 1న తెరవాల్సిన బడులను వడగాలుల వల్ల జూన్ 12కు జరిపారు. ఇప్పుడు ఆ తేదీయే స్థిరపడింది.

ఎండ మాటను తేలిగ్గా తీసుకోలేం. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎల్‌బీ నగర్ నియోజకవర్గంలోని చిన్న ప్రైవేటు బడుల్లో చాలావాటికి ఆటస్థలం లేదు, చెట్టు లేదు. అద్దె భవనాల పై అంతస్తుల్లో, కొన్నిచోట్ల రేకుల కప్పు కింద తరగతులు నడుస్తాయి. అలాంటి గదుల్లో మే నెల మధ్యాహ్నం నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాలని ఎవరూ కోరుకోకూడదు. పనిదినాలు పెంచాలని సులువుగా చెప్పేవాళ్లు ఆ గదుల్లోకి ఒక్కసారి వెళ్లి చూడాలి.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025-26 విద్యా సంవత్సరాన్ని ఏప్రిల్ 1 నుంచే ప్రారంభించింది. ఏప్రిల్ 23 వరకు తరగతులు నడిపి, తర్వాత సెలవులిచ్చి, జూన్ 2న మళ్లీ తెరిచింది. కార్పొరేట్ కాలేజీల పిల్లలు వేసవిలోనే ముందుకెళ్లిపోతుంటే ప్రభుత్వ కాలేజీల పిల్లలు జూన్ దాకా ఖాళీగా ఉండిపోతున్నారన్న బాధ దీని వెనక ఉంది. ఆ బాధ నిజమైనది. అయితే పరుగుపందెంలో వెనకబడ్డ బిడ్డను ఇంకాస్త ముందుగా పరుగెత్తమనడం ఒక్కటే పరిష్కారమైతే, పందెం ఎప్పటికీ ఆగదు. కార్పొరేట్ కాలేజీ మార్చిలోనే మొదలుపెడుతుంది. అప్పుడు ప్రభుత్వం ఫిబ్రవరికి జరగాలా?

దిల్‌సుఖ్‌నగర్ క్యాలెండర్

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్‌బీ నగర్ ప్రాంతం రాష్ట్రానికి ఒక పెద్ద చదువుల అంగడి. విజయవాడ హైవే, నాగార్జునసాగర్ రోడ్డు రెండూ ఎల్‌బీ నగర్ ప్రాంతానికే వచ్చి చేరతాయి. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కోస్తా జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలకు నగరం మొదలయ్యేది ఇక్కడే. పిల్లల చదువు కోసమే పొలాన్ని కౌలుకిచ్చి ఇక్కడ అద్దెకు దిగిన తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. హాస్టళ్లు, మెస్‌లు, స్టడీ హాళ్లు, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, జూనియర్ కాలేజీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి.

తెలంగాణ ఇంటర్ బోర్డు 2025లో మార్చి 30 నుంచి జూన్ 1 వరకు జూనియర్ కాలేజీలకు వేసవి సెలవులు ప్రకటించింది. సెలవుల్లో తరగతులు పెట్టొద్దనీ, షెడ్యూలు రాకముందే అడ్మిషన్లు చేసుకోవద్దనీ, కాదంటే గుర్తింపు రద్దు చేస్తామనీ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది. హెచ్చరిక వెలువడే రోజుకే చాలా కాలేజీల్లో సీట్లు నిండిపోయి ఉంటాయి. పదో తరగతి ఫలితాలు రాకముందే, కొన్నిచోట్ల బిడ్డ తొమ్మిదిలో ఉండగానే, తల్లిదండ్రులు అడ్వాన్సు కట్టేస్తారు. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు ముగిసిన వారానికే రెండో ఏడాది పాఠాలు మొదలవుతాయి. రెండో ఏడాది పిల్లలకు ఏప్రిల్, మే నెలలు జేఈఈ, ఎప్‌సెట్, నీట్‌ల కాలం. అంటే పదో తరగతి పూర్తిచేసిన రోజు నుంచి ఇంజనీరింగ్‌లోనో మెడిసిన్‌లోనో చేరేదాకా, రెండేళ్లకు పైగా, ఆ పిల్లలకు పెద్ద సెలవంటూ ఉండదు. దసరాకు నాలుగు రోజులు, సంక్రాంతికి మూడు రోజులు ఇస్తే అదే భాగ్యం. వారానికో రెండు వారాలకో ఒక పూట ‘ఔటింగ్’.

తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదికి ముగిసే రోజులు ఏడాదికి మూడు వందలు దాటితే పదహారేళ్ల శరీరం, మనసు ఏమవుతాయో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పిల్లలు మనకు చాలాసార్లు చెప్పారు. కొందరు ప్రాణాలు తీసుకుని మరీ చెప్పారు. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీని వేశారు. పాతికేళ్లు కావస్తోంది. కమిటీలకు లోటు లేదు, ఉత్తర్వులకు లోటు లేదు. ఏప్రిల్ నెలలో ఒక కాలేజీ తలుపు తట్టి, లోపల తరగతి నడుస్తుంటే ఆపించే యంత్రాంగానికే లోటు.

తల్లిదండ్రుల్ని ఒక్కమాటతో తప్పుపట్టడం న్యాయం కాదు. పక్కింటి అబ్బాయి వేసవిలో సిలబస్ సగం ముగించేస్తే, తమ బిడ్డను ఊరికి పంపి చెరువులో ఈత కొట్టనివ్వడానికి ఏ తల్లికి ధైర్యం వస్తుంది? ఒక్కరే ఆగితే నష్టపోతారు. అందరూ ఆగితే ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి చోట అందరినీ ఒకేసారి ఆపగలిగేది ప్రభుత్వం ఒక్కటే. సెలవు కుటుంబం ఇష్టానికి వదిలేసే సంగతి కాదని, అది ప్రభుత్వం కాపాడాల్సిన హక్కని అందుకే అంటున్నాను.

ప్రభుత్వ బడి క్యాలెండర్

ఇప్పుడు వీధికి అటు వైపు చూద్దాం. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు, 1000 గంటలు. మన 230 రోజులు చట్టం కోరిన దానికంటే ఎక్కువే. కానీ బడి తెరిచి ఉన్న ప్రతి రోజూ పాఠం జరిగిన రోజు కాదు.

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు. అంటే చివరి నలభై రోజుల్లో బడి సగం పూటే. అందులోనే పదో తరగతి పరీక్షల డ్యూటీలు, స్పాట్ వాల్యుయేషన్, కింది తరగతుల పరీక్షలు. జూన్‌లో మొదటి రెండు వారాలు బడిబాట, అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ. ఊళ్లకు వెళ్లిన పిల్లలు అందరూ తిరిగొచ్చేసరికి నెలాఖరు. జులైలో వానలు. 2022 జులైలోనూ, 2023 జులైలోనూ భారీ వర్షాలకు రోజుల తరబడి బడులు మూశారు. సరూర్‌నగర్ చెరువు పొంగితే కింది కాలనీల పిల్లలకు బడి తెరిచి ఉన్నా చేరే దారి ఉండదు. 2020 అక్టోబరు వరదలో ఈ ప్రాంతం పడ్డ కష్టాన్ని ఎవరూ మరచిపోలేదు.

వాటికి ప్రకృతి కారణం అనుకుందాం. 2019లో ఆర్టీసీ సమ్మె వస్తే దసరా సెలవులను అక్టోబరు 19 దాకా పొడిగించారు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక పాఠశాలల టీచర్లను పంపి, ఆ బడులను కొన్ని వారాలు ఒంటిపూటే నడిపారు. ఎన్నికలొస్తే పోలింగ్ కేంద్రం బడే, పోలింగ్ అధికారి టీచరే. పోయిన ఈ రోజులను పట్టికలో ఎవరూ ఎర్ర సిరాతో గుర్తించరు. ఏడాది చివర లెక్క చూస్తే 230 అలాగే ఉంటుంది. పిల్లవాడి నోటుబుక్కు చూస్తే మాత్రం అసలు సంగతి తెలుస్తుంది.

సర్వేలకూ ఎన్నికలకూ సగం పూటైపోయేది ప్రభుత్వ బడే. బాధ్యతగా పాఠం చెప్పే టీచర్లు అక్కడ ఎందరో ఉన్నారు. వాళ్ల రోజుల్నే మనం తీసేసుకుంటున్నాం. కాబట్టి వేసవిని కుదించి పదిహేను రోజులు కలపడం కంటే, ఉన్న 230 రోజుల్ని ఎవరూ ముట్టుకోకుండా కాపాడటం పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

సెలవుల్లో ఆకలి, ఒంటరితనం

రోజులు పెంచొద్దంటే వేసవి ఏడు వారాలూ గేటుకు తాళం వేసుకోమని అర్థం కాదు. పేద పిల్లలకు బడి అంటే పాఠం ఒక్కటే కాదు. మధ్యాహ్నం వేడి అన్నం, తాగే నీళ్లు, మరుగుదొడ్డి, తోటి పిల్లలు, ఎవరో ఒక పెద్దమనిషి కనిపెట్టి చూసే నాలుగైదు గంటలు. ఏప్రిల్ 24న ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి.

ఈ సంగతి సుప్రీంకోర్టు ఇరవై ఏళ్ల కిందటే గుర్తించింది. ఆహార హక్కు కేసులో 2004 ఏప్రిల్ 20న, కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2016 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో జస్టిస్ మదన్ లోకుర్, జస్టిస్ ఎన్.వి.రమణల ధర్మాసనం కరవు రాష్ట్రాలకు అదే మాట మళ్లీ చెప్పింది. ఆ వేసవిలో తెలంగాణ కరవు మండలాల్లో బడులు మూసి ఉన్నా వంటశాలలు నడిచాయి. అంటే ఇది చేయలేని పని కాదు. చేసి చూపిన పని. కరవు పల్లెకే ఎందుకు పరిమితం కావాలి? ఉపాధి కోసం ఆ పల్లెల్నే వదిలి వచ్చి నగరం అంచున అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, నిర్మాణ స్థలాల్లో కాపురముంటున్న కుటుంబాల పిల్లల ఆకలి మే నెలలో తగ్గిపోతుందా?

అమ్మమ్మగారి ఊరు అందరికీ ఉండదు. ఉన్నా అక్కడా పెద్దవాళ్లు ఉపాధి హామీ పనికి పోతారు. ఎల్‌బీ నగర్‌కు ముందున్న మెట్రో స్టేషన్‌కు పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్ హోమ్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ పిల్లల ఆవాసంగా మొదలైంది. వెళ్లడానికి ఇల్లు లేని పిల్లలకు ఏడాది పొడవునా ఒక చోటు కావాలన్న ఎరుక ఈ ప్రాంతానికి నూరేళ్లకు ముందే ఉంది. ఇవాళ అదే రోడ్డు మీద, వలస కూలీ బిడ్డకు ఏడు వారాల పాటు ఏ చోటూ లేదు.

ఖాళీ వేసవిని ఎలా వాడుకోవచ్చో చెప్పడానికి బయటి ఉదాహరణ అక్కర్లేదు. 1991లో రంగారెడ్డి జిల్లాలోనే శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి.ఫౌండేషన్ బాల కార్మికుల కోసం శిబిరాలు మొదలుపెట్టింది. పొలాల్లో, పశువుల వెంట ఉన్న పిల్లల్ని తీసుకొచ్చి, ఆటపాటలతో అక్షరాలు నేర్పి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించింది. అవి కూడా ‘బ్రిడ్జ్ కోర్సు’లే. ఆ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం దక్కింది. గురుకులాల్లో ‘సమ్మర్ సమురాయ్’ శిబిరాలు పిల్లలకు ఈత, నాటకం, కోడింగ్, పర్వతారోహణ వంటివి రుచి చూపించాయి. జీహెచ్ఎంసీ ఏటా మైదానాల్లో వేసవి క్రీడా శిబిరాలు నడుపుతోంది. ముక్కలు మన దగ్గరే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చే క్యాలెండరే లేదు.

ప్రపంచం చెప్పే పాఠం

ఏడాది పొడవునా బడి అన్న పద్ధతిని విస్తృతంగా ప్రయత్నించిన దేశం అమెరికా. నార్త్ కరోలైనాలోని వేక్ కౌంటీ అందుకు పేరుపడ్డది. కేరీ, మోరిస్‌విల్ పట్టణాలు అక్కడివే. కేరీలో వేంకటేశ్వరుడి గుడి కట్టుకున్న తెలుగు కుటుంబాలకు ఆ పద్ధతి ఇంటి విషయం. 45 రోజులు బడి, 15 రోజులు సెలవు. పిల్లల్ని నాలుగు జట్లుగా విడదీస్తే ఎప్పుడూ ఒక జట్టు సెలవులో ఉంటుంది గనుక, అదే భవనంలో ఎక్కువ మందికి చోటు దొరుకుతుంది. 2007లో కౌంటీ కొన్ని బడులను తప్పనిసరిగా ఈ పద్ధతికి మార్చింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2009లో రాష్ట్ర సుప్రీంకోర్టు కౌంటీ పక్షాన తీర్పు చెప్పింది. ఆ మార్పును పరిశీలించిన ఆర్థికవేత్తలు మెక్‌ముల్లెన్, రౌజ్ 2012లో తేల్చిందేమిటంటే, సగటు విద్యార్థి మార్కుల్లో దాదాపు ఏ తేడా లేదు. ఉన్న రోజుల్నే అటూ ఇటూ సర్దినంత మాత్రాన చదువు పెరగదు.

లాస్ ఏంజెలెస్ అనుభవం ఇంకా చేదు. బడులు చాలక అక్కడ ‘కాన్సెప్ట్ 6’ అనే పద్ధతి పెట్టారు. ఆ బడుల పిల్లలకు మిగతా వాళ్లకున్న 180 రోజుల బదులు 163 రోజులే దక్కాయి. వాళ్లలో ఎక్కువ మంది పేద వలస కుటుంబాల పిల్లలు. 2004లో విలియమ్స్ కేసు రాజీతో ఆ పద్ధతికి గడువు పెట్టి ముగింపు పలికారు.

మరోవైపు, బాల్టిమోర్‌లో కార్ల్ అలెగ్జాండర్ బృందం పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, బడి నడిచే నెలల్లో పేద, ధనిక పిల్లలు దాదాపు సమానంగానే నేర్చుకుంటారని, వేసవిలోనే దూరం పెరుగుతుందని చెప్పింది. ఆ దూరం ఎంత అన్నదానిపై తర్వాతి పరిశోధకుల్లో వాదాలున్నాయి. కానీ పుస్తకాలు, ప్రయాణాలు, శిబిరాలు ఉన్న ఇంటి వేసవి, ఇవేమీ లేని ఇంటి వేసవి ఒకటి కావన్నది ఎల్‌బీ నగర్‌లో ఎవరికైనా కంటికి కనిపించే నిజం. ఈ అనుభవాలన్నీ ఒకే వైపు చూపుతున్నాయి. తేదీలు జరిపితే లాభం తక్కువ. ఆ తేదీల మధ్య పిల్లలకు ఏం దొరుకుతుందన్నదే ముఖ్యం.

చేయాల్సినవి నాలుగు

మొదటిది, ఇంటర్ పిల్లల సెలవును నిజం చేయాలి. మే నెల మొత్తం ఏ జూనియర్ కాలేజీలోనూ, దాని అనుబంధ హాస్టల్‌లోనూ మొదటి ఏడాది, రెండో ఏడాదిలోకి వెళ్లే విద్యార్థులకు తరగతులు ఉండకూడదు. ప్రవేశ పరీక్షలు రాసేవాళ్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. సర్క్యులర్‌తో సరిపెట్టకుండా జిల్లా ఇంటర్ విద్యాధికారి, పోలీసు, మున్సిపల్ సిబ్బందితో తనిఖీ బృందాలు ఉండాలి. ఏ కాలేజీపై ఏ చర్య తీసుకున్నారో బోర్డు వెబ్‌సైట్లో పెట్టాలి. రెండోసారి దొరికితే ఆ ఏడాది కొత్త అడ్మిషన్లు ఆపాలి. ఒక్క వేసవి గట్టిగా అమలుచేస్తే, తర్వాతి ఏడాది తల్లిదండ్రులే ఊపిరి పీల్చుకుంటారు.

రెండోది, 230 రోజుల్ని కాపాడాలి. వాన, సర్వే, సమ్మె, ఏ కారణంతో రోజు పోయినా దాన్ని ఎప్పుడు భర్తీ చేస్తారో అదే ఉత్తర్వులో రాయాలి. పది రోజుల్ని మండల స్థాయిలో సర్దుకునే వెసులుబాటు ఇవ్వాలి. చెరువు కింది కాలనీకి జులైలో అవసరమైన సెలవు ఆదిలాబాద్ గిరిజన గూడేనికి అవసరం లేదు. అక్కడి జాతరకు కావాల్సిన రోజు ఇక్కడ అక్కర్లేదు. టీచర్లను బోధనేతర పనులకు పంపడం ఎన్నికలు, జనగణన, విపత్తులతో ఆగిపోవాలి. చట్టం చెబుతున్నదీ అదే.

మూడోది, వేసవి బడి గేటు తెరిచి ఉంచాలి. ఉదయం 7.30 నుంచి 11.30 వరకు, ఇష్టమున్న పిల్లలకు మాత్రమే. సిలబస్ వద్దు, పరీక్ష వద్దు, హాజరు ఒత్తిడి వద్దు. కథల పుస్తకాలు, బొమ్మలు వేయడం, చదరంగం, ఖోఖో, నీడన కూర్చుని చేసే చిన్న ప్రయోగాలు, వెనకబడ్డ పిల్లలకు చదవడం, కూడిక తీసివేతలు. ఎండ ముదిరేలోగా వేడి అన్నం పెట్టి ఇంటికి పంపాలి. ముందు పట్టణ బస్తీలకు, వలస కుటుంబాలున్న మండలాలకు దగ్గర్లోని బడులతో మొదలుపెట్టొచ్చు. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఆ వేసవిలో బడుల మరమ్మతు బాధ్యత మోశాయి. వేసవి బడి నిర్వహణకూ అంతకంటే తగినవాళ్లు ఎవరున్నారు? ఎవరి బిడ్డ ఎక్కడ ఒంటరిగా ఉందో ఆ తల్లులకే తెలుసు.

నాలుగోది, ఈ పని చేసేవాళ్ల కష్టానికి విలువ కట్టాలి. టీచర్లకు సెలవులు ఎక్కువన్న మాట తరచూ వింటాం. వేసవి సెలవులున్నాయన్న కారణంతోనే వాళ్లకు ఏడాదికి దక్కే సంపాదిత సెలవులు (ఈఎల్‌లు) 6. వేసవి లేని ఉద్యోగులకు 30. వేసవి బడికి వచ్చే టీచరుకు ఆ మేరకు ఈఎల్‌లు అడగకుండానే జమ కావాలి. బీఎడ్, డీఎడ్ విద్యార్థుల్ని, డిగ్రీ కాలేజీల వాలంటీర్లను గౌరవ వేతనంతో తీసుకోవచ్చు. వంట కార్మికులకు పది నెలల లెక్కన ఇస్తున్న గౌరవ వేతనాన్ని పన్నెండు నెలలకు పెంచాలి. మే నెల జీతం లేకుండా గడిపే చిన్న ప్రైవేటు బడుల టీచర్ల గురించీ ప్రభుత్వం మాట్లాడాలి. ఏడాది ఫీజు వసూలు చేసిన బడి, ఏడాది జీతం ఇవ్వాలి.

ఖర్చు ఎక్కువవుతుందన్న అభ్యంతరం వస్తుంది. వేసవి బడికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఉన్న భవనం, ఉన్న వంటశాల, ఉన్న గిన్నెలే. బియ్యం, కూరగాయలు, గౌరవ వేతనాలు, ఫ్యాన్లు, తాగునీరు. ఏడు వారాలకు సగం పూట లెక్కన ఇది రాష్ట్ర బడ్జెట్‌కు మోయలేని బరువు కాదు. ఎండ మాటేమిటని మరో అభ్యంతరం. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజున భోజనం మాత్రం పెట్టి పంపేయొచ్చు. రేకుల గదిలో ఒంటరిగా ఉండే బిడ్డకు, ఫ్యాను కింద బడి గదిలో ఉదయం గడపడమే ఎక్కువ క్షేమం.

వచ్చే విద్యా క్యాలెండర్ రాసేటప్పుడు విద్యాశాఖ, ఇంటర్ బోర్డు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇప్పటిదాకా ఒకరు బడులకు తేదీలు రాస్తున్నారు, ఇంకొకరు కాలేజీలకు రాస్తున్నారు. ఎల్‌బీ నగర్‌లోని ఒకే ఇంట్లో అక్క ఇంటర్‌లో, తమ్ముడు ఆరో తరగతిలో ఉంటారన్న సంగతి ఆ రెండు కాగితాల్లో ఎక్కడా కనిపించదు. ఆ అక్కకు మే నెల నిద్ర, ఆ తమ్ముడికి మే నెల అన్నం, ఇద్దరికీ కలిసి ఊరికి పోయే నాలుగు వారాలు ఇవ్వగలిగితేనే అది పిల్లల కోసం రాసిన క్యాలెండర్ అవుతుంది. ఆ పని చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న నియమాన్ని బలవంతుల మీద అమలుచేసే ధైర్యం, ఉన్న బడి తలుపును బలహీనుల కోసం తెరిచి ఉంచే మనసు ఉంటే చాలు. 2026-27 వేసవికైనా ప్రభుత్వం ఈ రెండూ చూపాలి.